కంప్యూటరు మార్పుకూ మినీకిట్టు కావాలి

కొత్త వరి వంగడం వచ్చిందని విన్నంత మాత్రాన డెల్టా రైతు తనకున్న అయిదెకరాల్లోనూ దానినే ఊడ్చడు. ముందు ఒక మడిలో వేసి చూస్తాడు. పక్క మడిలో పాత వంగడమే ఉంటుంది. గాలివానకు ఏది పడిపోయింది, దోమకు ఏది తట్టుకుంది, మిల్లులో నూక ఎంత వచ్చింది అన్నవి చూసుకున్నాకనే మరుసటి ఏడు విస్తీర్ణం పెంచుతాడు. ఈ జాగ్రత్త మన రైతుకు ఎవరూ పుస్తకంలో నేర్పినది కాదు.

పరిశోధన కేంద్రాలదీ ఇదే పద్ధతి. 1925లో ఏర్పడిన మారుటేరు వరి పరిశోధన స్థానం నుంచి ఎంటీయూ 7029 అనే స్వర్ణ వచ్చింది. 2000లో ఎంటీయూ 1010 వచ్చింది. మనవాళ్ళు కాటన్ దొర సన్నాలు అని పిలుచుకునేది దీనినే. ఇటువంటి వంగడం ఏదైనా మొదట పరిశోధన స్థానంలోను, తరువాత వేర్వేరు నేలల్లోను, ఆపైన మినీకిట్ల రూపంలో రైతుల పొలాల్లోను రెండు మూడేళ్ళు నలిగి, నిలిచినదైతేనే విడుదలవుతుంది. ఒక్క గింజ విషయంలో ఇంత జాగ్రత్త పడుతున్న మనం, ఇంటి పత్రం నుంచి పింఛను దాకా అన్నిటికీ ఆధారమైన కంప్యూటర్ల విషయంలో ఆ మాత్రం జాగ్రత్త పడటం లేదు. ఇది విచారించదగిన విషయం.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకంటే, 2015 జూలైలో వచ్చి దేశమంతటా వ్యాపించిన విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ ఉచిత రక్షణ మరమ్మతులు ఇవ్వడం 2025 అక్టోబరు 14తో ఆపివేసింది. ఇళ్ళలోని కంప్యూటర్లకు ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా గడువు ఇచ్చింది. సంస్థలకైతే రుసుము మీద మూడేళ్ళ వరకు ఇస్తానంటూనే, ఆ రుసుమును ఏటికేడు రెట్టింపు చేసింది. దీనితో దుకాణాలు, మిల్లులు, బడులు, సేవా కేంద్రాలు, కార్యాలయాలు కొత్తదైన విండోస్ 11కు మారవలసి వచ్చింది. ఈ మార్పు పరీక్షించి చేస్తున్నామా, గుడ్డిగా చేస్తున్నామా అన్నదే ప్రశ్న.

లస్కరు మారితే

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో తెలియనివారికి కాలువ మీది లస్కరును చూపిస్తే సరిపోతుంది. కాలువలో నీరు ఉంటుంది, చేలో నారు ఉంటుంది. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ బోదెకు ఎంత వదలాలి అన్నది లస్కరు చేతిలో ఉంటుంది. కంప్యూటరులోనూ అంతే. ప్రింటరుకు పని చెప్పాలన్నా, వేలిముద్ర యంత్రం నుంచి ముద్ర తీసుకోవాలన్నా, లెక్కల పుస్తకం తెరవాలన్నా అన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారానే జరగాలి. పాత లస్కరును రాత్రికి రాత్రి మార్చి కొత్తవాణ్ణి పెడితే అతడు ఎంత చదువుకున్నవాడైనా శివారు చేనుకు ఏ బోదె వెళుతుందో తెలియక తికమకపడతాడు. ఆ తికమకలో ఎండేది మొదట శివారు చేనే.

మన సేవా కేంద్రాలకు వెళ్ళేవారికి ఈ అనుభవం కొత్త కాదు. "అమ్మా, ఇవాళ సిస్టమ్ అప్‌డేట్ అవుతోంది, రేపు రండి" అన్న మాట ఎంతమంది వినలేదు? చెప్పేవారికి అది చిన్న మాట. వినే మనిషికి మాత్రం ఒక రోజు కూలి, రానుపోను బస్సు ఛార్జీ, ఒక్కొక్కసారి దరఖాస్తుకు చివరి తేదీ కూడా పోతాయి.

ఈ జిల్లాలకు కంప్యూటరు నిన్న మొన్న వచ్చినది కాదు. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చాయి. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే పశ్చిమ గోదావరిలో మండల కేంద్రాల్లో ఈ-సేవ కేంద్రాలు వెలిసి, మహిళా సంఘాల సభ్యులే వాటిని నడిపి పేరు తెచ్చుకున్నారు. 2011లో మీసేవ వచ్చింది. రాష్ట్రంలో గ్రామ సచివాలయాల వ్యవస్థకు 2019 అక్టోబరు 2న ప్రారంభోత్సవం జరిగింది కూడా మన కరపలోనే. ఇన్నేళ్ళుగా కాగితం వెనక్కు, కంప్యూటరు ముందుకు జరుగుతూ వచ్చాయి. కాగితం రిజిస్టరు ఉన్న రోజుల్లో యంత్రం ఆగినా పని ఆగేది కాదు. ఇప్పుడు యంత్రం ఆగితే పని మొత్తం ఆగుతుంది. కనుక యంత్రాన్ని మార్చే పద్ధతి ఇక యంత్రగాళ్ళ సొంత వ్యవహారం కాదు, ఊరందరి వ్యవహారం.

రెండు వైపులా ప్రమాదమే

"పాతదే బాగా నడుస్తోంది కదా, దానిని ఎందుకు కదపాలి?" అనేవారు ఉన్నారు. వారు 2017 మేను గుర్తు చేసుకోవాలి. ఆ నెల 12న వాన్నాక్రై అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతటా పాకి, కంప్యూటర్లలోని కాగితాలకు తాళం వేసి, తాళం తీయడానికి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కు పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నిటికి కూడా ఆ బెడద తగిలింది. గమనించవలసిన సంగతి ఏమంటే, ఆ దొంగ దూరిన కంతను పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్టు అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకున్నవారు బయటపడ్డారు, తాత్సారం చేసినవారు చిక్కుకున్నారు. గట్టుకు గండి ఉందని తెలిసి కూడా వరద వచ్చేదాకా ఆగితే ఏమవుతుందో గోదావరి వాసులకు వేరే చెప్పనక్కరలేదు.

"అయితే వచ్చింది వచ్చినట్టు అందరం ఒకేసారి వేసేసుకుందాం" అనేవారు 2024 జూలై 19ని గుర్తు చేసుకోవాలి. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ ఆ రోజు మన కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు ఒక చిన్న ఫైలును తన ఖాతాదారులందరికీ ఒక్కసారిగా పంపింది. అందులో తప్పు ఉంది. 78 నిమిషాల్లో వెనక్కు తీసుకున్నారు. కాని అప్పటికే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర పడి ఆగిపోయాయి. విమానాలు నిలిచిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగు పాసులు ఇవ్వవలసి వచ్చింది. అది ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు కాదు, చిన్న సవరణ మాత్రమే. చిన్న సవరణకే అంత జరిగితే మొత్తం మార్పు మాట చెప్పాలా? ముందు కొద్దిమందికి పంపి, ఒక గంట చూసి, తరువాత మిగిలినవారికి పంపి ఉంటే నష్టం అంతటితో ఆగేది. ఇకపై విడతలవారీగానే పంపుతామని ఆ సంస్థ ఆ తరువాత ప్రకటించింది.

మరొకటి 2018 అక్టోబరు నాటిది. విండోస్ 10కు వచ్చిన పెద్ద సవరణ ఒకటి కొందరి కంప్యూటర్లలోని సొంత కాగితాలను, ఫొటోలను చెరిపివేసింది. మైక్రోసాఫ్టు దానిని ఆపివేసి, నవంబరులో మళ్ళీ విడుదల చేసింది. విడుదలకు ముందు వాడి చూసినవారిలో కొందరు ఈ లోపాన్ని రాసి పంపారు కూడా. వేల ఫిర్యాదుల కుప్పలో అవి ఎవరి కంటా పడలేదు. అంటే పరీక్షించడం ఒక్కటే చాలదు, పరీక్షించినవాడు చెప్పినది వినే చెవి కూడా ఉండాలి.

మానితే వాన్నాక్రై, తొందరపడితే నీలి తెర. ముందు నుయ్యి, వెనుక గొయ్యి లాంటి ఈ దారిలో నడిచే ఉపాయం ఒక్కటే ఉంది. మారాలి, కాని పరీక్షించి మారాలి.

గౌతమి మాయమైతే

పరీక్ష అవసరం మన తెలుగువారికి మరీ ఎక్కువ. దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఖతి పేరు గౌతమి. మన నదీపాయ పేరే. ఎన్నో కార్యాలయాల దరఖాస్తు నమూనాలు, రసీదులు ఆ అక్షరాలతోనే తయారయ్యాయి. విండోస్ 10 నుంచి గౌతమిని అదనపు ఖతుల జాబితాలోకి మార్చారు. యంత్రాన్ని చెరిపి కొత్తగా వేసుకున్నప్పుడు ఆ అదనపు తెలుగు ఖతులు చేరితే తప్ప గౌతమి కనిపించదు. దాని స్థానంలో నిర్మల అనే వేరే ఖతి వచ్చి కూర్చుంటుంది. అక్షరం వెడల్పు మారుతుంది, పంక్తి జరుగుతుంది, ఒక పేజీలో ఇమిడే నమూనా రెండో పేజీలోకి పోతుంది. సంతకం చేయవలసిన చోటు ఒక కాగితం మీద, పేరు మరో కాగితం మీద పడతాయి. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించినవారికి ఈ చిక్కు కనిపించనే కనిపించదు.

శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ దుకాణాల కష్టం ఇంకో రకం. అక్కడ పేజ్‌మేకరు మీద, యూనికోడ్ కాని పాత ఖతుల మీద నేటికీ పని సాగుతోంది. పేజ్‌మేకరు చివరి కూర్పు 2001లో వచ్చింది, అంతే. పాత ఖతి లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు పరుచుకుంటాయి. పాతికేళ్ళుగా దాచుకున్న పని చదవరాని రాత అయిపోతుంది.

బియ్యం మిల్లులు, సొసైటీలు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. విండోస్ 11కు 32 బిట్ల కూర్పు లేదు, ఉన్నది 64 బిట్లదే. డాస్ కాలంలో ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న లెక్కల ప్రోగ్రాములు అందులో నేరుగా నడవవు. వేబ్రిడ్జి కాటా నుంచి తీగ ద్వారా బరువు తీసుకునే పాత ఏర్పాటు కూడా కొత్త యంత్రంలో పని చేస్తుందో లేదో చూసుకోవలసిందే. ధాన్యం లారీ కాటా మీద నిలబడ్డాక చూసుకునే సంగతి కాదు ఇది.

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. ఆ మాట ఒకే కుండలోని అన్నానికి చెల్లుతుంది. మన కేంద్రాల్లోని కంప్యూటర్లు ఒకే కుండ కాదు. ఒకచోట ప్రింటరు ఒక కంపెనీది, మరోచోట వేరొకరిది. ఒకచోట వేలిముద్ర యంత్రం కొత్తది, ఇంకోచోట పాతది. విజయవాడలోనో హైదరాబాదులోనో కూర్చుని ఒక కొత్త యంత్రం మీద పరీక్షించి, అంతా బాగుందని చెబితే అది లంక గ్రామంలోని పాత యంత్రానికి వర్తించదు. అందుకే ప్రతి రకం నుంచి ఒక యంత్రాన్ని తీసి పరీక్షించాలి.

ఆ పరీక్ష ఎలా ఉండాలి? దీనికి పెద్ద చదువు అక్కరలేదు. మొదట, ఆ కంప్యూటరు మీద రోజూ జరిగే పనులన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. తరువాత ఉన్న సమాచారానికి రెండు నకళ్ళు తీయాలి, అందులో ఒకటి ఆ భవనం బయట ఉండాలి. నకలు తీయడంతో సరిపెట్టక, వేరే యంత్రంలో దానిని తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు మొలక రాని విత్తనం వంటిది, బస్తా నిండుగానే కనిపిస్తుంది. ఆపైన ఒక్క యంత్రాన్ని మాత్రమే మార్చి, కాగితం మీద రాసుకున్న పనులన్నీ మొదటి నుంచి చివరి దాకా చేసి చూడాలి. తెర వెలగడం పరీక్ష కాదు. దరఖాస్తు ఎక్కించి, వేలిముద్ర తీసుకుని, డిజిటల్ సంతకం పెట్టి, రసీదు తెలుగులో అచ్చయి చేతికి వచ్చినప్పుడే పరీక్ష పూర్తయినట్టు.

విండోస్ 10 మీదనే విండోస్ 11 వేసుకున్నప్పుడు నచ్చకపోతే వెనక్కు పోవడానికి మామూలుగా 10 రోజుల గడువు ఉంటుంది. ఆ 10 రోజుల్లోనే అన్నీ చూసుకోవాలి. పదకొండో రోజున ప్రింటరు పని చేయడం లేదని గుర్తిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మారలేని యంత్రాల మాట కూడా ఉంది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే రక్షణ ఏర్పాటు, నిర్ణయించిన జాబితాలోని ప్రాసెసరు ఉండాలి. కొన్నేళ్ళ కిందటి కంప్యూటర్లు చాలావరకు దీనికి తూగవు. అంతమాత్రాన వాటిని పాత ఇనుముకు వేయడం దుబారా. ఉబుంటు, డెబియన్ వంటి ఉచిత లినక్స్ వ్యవస్థలను పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడవచ్చు. లోపలి డిస్కులోని అక్షరం కదలకుండా, నచ్చితే వేసుకోవచ్చు, నచ్చకపోతే పెన్‌డ్రైవు పీకేయవచ్చు. ఇంతకన్న మంచి మినీకిట్టు ఏముంది? తెలుగులో కనిపించే ఇటువంటి వ్యవస్థ కోసం స్వేచ్ఛ అనే సంస్థ హైదరాబాదు కేంద్రంగా పని చేసింది. అయితే విండోస్ మీదనే నడిచే ప్రోగ్రాములు, కొన్ని వేలిముద్ర యంత్రాలు అందులో పని చేయకపోవచ్చు. కనుక బడిపిల్లల చదువుకు, ఉత్తరాలు రాయడానికి, లెక్కలు వేయడానికి ఆ యంత్రాలను వాడుకుని, మిగిలిన పనులకు పరీక్షించాకనే నిర్ణయించుకోవాలి.

ఈ ఉచిత వ్యవస్థల వారి పద్ధతి కూడా మనం నేర్చుకోదగినదే. డెబియన్‌లో కొత్త సరుకు ముందు అస్థిరం అనే అంచెలోకి, తరువాత పరీక్ష అంచెలోకి, చివరకు స్థిరం అనే అంచెలోకి చేరుతుంది. ఇంచుమించు రెండేళ్ళకు ఒక స్థిర కూర్పు వస్తుంది. 2025 ఆగస్టులో 13వది వచ్చింది. ఉబుంటు దీర్ఘకాలిక కూర్పు 2024 ఏప్రిల్‌లో విడుదలైనా, పాత దీర్ఘకాలిక కూర్పు వాడుతున్నవారికి మారమని చెప్పడం ఆగస్టు చివరలో మొదటి దిద్దుబాటు వచ్చాకనే మొదలైంది. ఆ నాలుగు నెలలు సోమరితనం కాదు, అది జాగ్రత్త.

అధికారులు చేయవలసింది

జిల్లా యంత్రాంగాన్ని కోరవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రజలకు సేవలందించే కంప్యూటర్లను మార్చబోయే ముందు ప్రతి డివిజన్‌లో రెండు మూడు కేంద్రాలను ఎంచి, కనీసం రెండు వారాలు అక్కడ పరీక్షించాలి. ఎంచిన వాటిలో ఒకటి పట్టణంలోది కాక కరెంటు, ఇంటర్నెట్ సరిగా ఉండని మారుమూల ఊరిది కావాలి. అక్కడ పని చేసే ఉద్యోగి చెప్పిన లోపాలను రాసుకుని, ఏది సరిచేశారో, ఏది చేయలేదో నోటీసు బోర్డులో పెట్టాలి. ఆ ఉద్యోగి చెప్పుకునే మాట పైదాకా వెళ్ళే దారి లేకపోతే పరీక్ష పేరుకే మిగులుతుంది.

మార్చే కాలం కూడా ముఖ్యం. కాలువలు కట్టివేసిన వేసవి రోజుల్లోనే తూము తలుపులు బాగుచేస్తారు. నీరు నిండుగా పారుతుండగా ఎవరూ తలుపు పీకరు. సార్వా, దాళ్వా ధాన్యం కొనుగోళ్ళు సాగే రోజుల్లో, లంక గ్రామాలకు సహాయ జాబితాలు తయారయ్యే వరద నెలల్లో, విద్యార్థుల దరఖాస్తుల గడువు రోజుల్లో ఈ పని పెట్టుకోరాదు. ఏ రోజున మారుస్తారో వారం ముందే దండోరా వేయించాలి. ఆ రోజుల్లో కాగితం రిజిస్టరు బల్ల మీద ఉండాలి, చేత్తో రాసిన రసీదు చెల్లాలి. యంత్రం మార్పు వల్ల గడువు దాటిపోయిన దరఖాస్తుకు గడువు పొడిగించాలి. తప్పు యంత్రానిదైతే శిక్ష మనిషికి పడరాదు.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించే పథకానికి కేంద్రం 2022 జూన్‌లో ఆమోదం తెలిపింది. రైతుల అప్పులు, వాయిదాల లెక్కలు పాత పుస్తకం నుంచి కొత్త యంత్రానికి మారే ఆ పనిలో కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. కొంతకాలం రెండు లెక్కలూ పక్కపక్కన నడిపి, పైసాతో సహా సరిపోయాకనే పాత పుస్తకం మూయాలి. రైతులు కూడా తమ పాసుపుస్తకాలను పట్టుకుని వెళ్ళి నిలువలు సరిచూసుకోవాలి. అడగడం మన హక్కు.

వీటికి ఖర్చవుతుందని, సిబ్బంది లేరని అనవచ్చు. రెండు మూడు కేంద్రాల్లో రెండు వారాల పరీక్షకు అయ్యే ఖర్చు, జిల్లా అంతటా ఒక్క రోజు కేంద్రాలు మూతపడితే జనం పోగొట్టుకునే కూలి డబ్బుల పక్కన పెట్టి చూస్తే ఏది ఎక్కువో తేలికగానే తెలుస్తుంది. ఆ కూలి నష్టం ఏ ప్రభుత్వ పద్దులోనూ రాయరు కనుక అది ఖర్చుగా కనిపించదు, అంతే తేడా.

మనకు ఎంతో ఇష్టమైన స్వర్ణకు ముంపు తట్టుకునే గుణం ఒక్కటి తక్కువైతే, శాస్త్రజ్ఞులు స్వర్ణను తీసి పారవేయలేదు. ఒడిశా నాటు రకంలో దొరికిన ఆ ఒక్క గుణాన్ని దానికి కలిపి, పొలాల్లో పరీక్షించి, 2009లో స్వర్ణ సబ్ 1గా ఇచ్చారు. రెండు వారాల దాకా నీట మునిగినా అది తిరిగి లేస్తుంది. రైతుకు అలవాటైన గింజ అలాగే ఉంది, కావలసిన గుణం వచ్చి చేరింది. కంప్యూటరు మార్పు కూడా జనం మీద ఇటువంటి మార్పుగానే రావాలి. ఈ దిశగా అధికారులు ఆలోచిస్తారని, తమ కేంద్రంలో మార్పు ఎప్పుడు, పరీక్షించారా లేదా అని ప్రతి గ్రామస్థుడూ గ్రామసభలో అడుగుతాడని ఆశిద్దాం.